ప్లీడరును కుదుర్చుకోవడం ఎలా?

కోర్టు గుమ్మం ఎక్కకూడదని పెద్దలంటారు. నిజమే. కాని పోలీసులే మన గుమ్మంలోకి వచ్చిన రోజున ఆ మాట అక్కరకు రాదు. అందుకే విద్యార్థి మిత్రులకు ఈ నాలుగు మాటలు చెప్పదలచాను.

అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు నచ్చిన ప్లీడరుతో మాట్లాడే హక్కు అతనికుంది. ఈ రెండూ రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చినవే. కనుక ప్లీడరు మొదటిరోజే కావాలి. ఎక్కడో ఉన్న పేరుమోసినవారికంటే, ఆ కోర్టులోనే రోజూ క్రిమినల్ కేసులు చూసేవారు మేలని నా అభిప్రాయం. ప్రతి వాయిదాకూ అందుబాటులో ఉంటారు.

ఫీజు ముందే తేల్చుకోవాలి. బెయిలుకెంత, విచారణకెంత అని విడివిడిగా అడిగి, రశీదు తీసుకోండి. "గెలిస్తేనే ఇవ్వండి" అనే బేరం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. "జడ్జిగారు మనవారే" అని డబ్బడిగేవారికి ఓ నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

మరి డబ్బే లేకపోతే? నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువకాలం విచారణ లేకుండా బీహారు జైళ్లలో మగ్గినవారున్నారు. వారి విషయమై వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, పేద ముద్దాయికి ఉచిత న్యాయసహాయం హక్కేనని 1979లో సుప్రీంకోర్టు చెప్పింది. 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

ఈ హక్కు సంగతి ముద్దాయికి మేజిస్ట్రేటే చెప్పాలని 1980లో ఖత్రీ కేసులో అదే కోర్టు అన్నది. ఆయన చెప్పేదాకా ఆగక, మనమే అడుగుదాం.