వంటగదిలో బ్రదర్ లారెన్స్: దీక్ష మధ్యలో తెగిపోతే ఏం చేయాలి?

ఈ వారం వీడియోలో బ్రదర్ లారెన్స్ కథ పది నిమిషాల్లో చెప్పేశాను. కానీ ఆ కథ నన్నెందుకు అంత పట్టేసిందో చెప్పలేదు. కెమెరా ముందు కాస్త మొహమాటం వేసింది. అది ఇక్కడ రాస్తున్నా.

పోయిన ఏడాది నేను హనుమాన్ చాలీసా 41 రోజుల దీక్ష పెట్టుకున్నాను. పొద్దున్నే స్నానం, దీపం, పారాయణ, ఆ తర్వాత ఫోన్‌లో యాప్ తెరిచి టిక్ కొట్టడం. 33వ రోజు రాత్రి మా ప్రొడక్షన్ సర్వర్ పడిపోయింది. ఆ వారం ఆన్‌కాల్ నాదే. తెల్లారేదాకా కాల్‌లో ఉండి, అలాగే మంచం మీద పడి, మధ్యాహ్నం లేచాను. సాయంత్రం మళ్లీ అదే గోల. మర్నాడు యాప్ తెరిస్తే లెక్క సున్నాకి వచ్చేసింది. ఆ సున్నా చూశాక నేను మళ్లీ దీపం పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

ఒక్క రోజు తప్పితే నాలుగు నెలలు ఎందుకు మానేశాను? బద్ధకం అనుకుంటే సులువే, కానీ కాదు. సిగ్గు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లాడు వీధి చివరే తచ్చాడుతూ ఇంటికి వెళ్లడు చూడండి, అలాంటిది. పైగా ఆ నాలుగు నెలలూ ఛానెల్‌లో భక్తి మీద వీడియోలు పెడుతూనే ఉన్నాను!

ఆ రోజుల్లో ఆఫీసులో నా పక్క సీటు అతను, గుంటూరు వైపు క్రిస్టియన్ కుటుంబం, నా గోడు విని ఒక సన్నటి పుస్తకం ఇచ్చాడు. మతం మార్చే ప్రయత్నమేమో అని మొదట అనుమానపడ్డాను, దాచడం ఎందుకు. "మారమని ఇవ్వట్లేదు రా బాబూ, ఒక వంటవాడి కథ, చదివి ఇచ్చెయ్" అన్నాడు.

ఆ వంటవాడి అసలు పేరు నికొలా ఎర్మాన్. 1614 ప్రాంతంలో లోరేన్‌లో ఒక పల్లెటూరి పేద ఇంట్లో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక చలికాలం రోజున ఆకులన్నీ రాలిపోయిన చెట్టును చూశాడు. కొన్నాళ్లకు ఇదే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అన్న ఆలోచన వచ్చింది. అంతే, దేవుడి మీద ప్రేమ లోపల నాటుకుపోయింది. తర్వాత జీవితమంతా ఆ చెట్టునే తలుచుకున్నాడు. కానీ అక్కడి నుంచి కథ సాఫీగా ఏమీ నడవలేదు. యూరప్‌ని ముప్పై ఏళ్లు తగలబెట్టిన యుద్ధంలో సైనికుడిగా వెళ్లి గాయపడ్డాడు, జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఒక పెద్దమనిషి ఇంట్లో నౌకరుగా చేరి, ముట్టుకున్నదల్లా పగలగొట్టేవాడినని తన గురించి తనే చెప్పుకున్నాడు. చివరికి 1640లో పారిస్‌లో కార్మెలైట్ సన్యాసుల మఠంలో చేరాడు. అక్కడ పెట్టిన పేరే లారెన్స్. గురువుగా పూజలు జరిపించే హోదా కాదు, ఒళ్లు వంచి పనిచేసే సోదరుడి స్థానం. వేసింది వంటింట్లో. ఆయనకేమో వంట పనంటే సహజంగానే గిట్టదు. అలాంటి పని పదిహేనేళ్లు చేశాడు. తర్వాత కాలు సహకరించక చెప్పులు కుట్టే పనికి మార్చారు. (ఆ సంఘానికి "పాదరక్షలు లేనివారు" అని పేరు. తొడిగేది మామూలు చెప్పులే. నాకు నవ్వొచ్చింది.)

ఆయన పుస్తకమేమీ రాయలేదు. 1666లో జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు వచ్చి మాట్లాడి, ఆ మాటలు రాసుకున్నాడు. 1691లో లారెన్స్ పోయాక ఆ సంభాషణలూ కొన్ని ఉత్తరాలూ కలిపి అచ్చు వేశారు. పుస్తకమంతా కలిపినా రెండు మెట్రో ప్రయాణాల్లో అయిపోతుంది.

అందులో అందరూ గుర్తుపెట్టుకునేది వంటిల్లే. నలుగురు నాలుగు వైపుల నుంచి అరుస్తూ, గిన్నెలు మోగుతూ ఉన్నప్పుడు కూడా, దివ్యసత్ప్రసాదం ముందు మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగానే దేవుడితో ఉంటానని చెప్పాడట. క్యాథలిక్కులకు ఆ ప్రసాదం సాక్షాత్తూ క్రీస్తే, కాబట్టి ఇది చిన్న మాట కాదు. గర్భగుడిలో ఉన్నా స్టవ్ దగ్గర ఉన్నా నాకు ఒకటే అని మన అర్చకుడు ఎవరైనా అంటే ఎలా ఉంటుందో ఊహించండి. పెనం మీద ఆమ్లెట్ తిప్పడం కూడా దేవుడి మీద ప్రేమతోనే తిప్పేవాడట.

ఇక్కడ మనకి వెంటనే "ఇది కర్మయోగమే కదా, గీత ఎనిమిదో అధ్యాయంలో తనను తలుచుకుంటూనే యుద్ధం చెయ్యమని కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు కదా" అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. నిజం చెప్పాలంటే అలా అనుకుని పుస్తకం మూసేయబోయాను. "మన దగ్గర లేనిదేముంది" అనుకుంటే చదవాల్సిన పని తప్పుతుంది మరి. కానీ ఆ పోలిక సగమే సరిపోతుంది. కర్మయోగంలో చేసేవాడిని నేననే భావం కరిగిపోవాలి. లారెన్స్‌లో "నేను" కరగదు. నేరం చేసి రాజు ముందు నిలబడ్డవాడిగా తనను చూసుకుంటాడు. శిక్ష వేస్తాడనుకున్న రాజు దగ్గరికి తీసుకుని, తన బల్ల దగ్గరే కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఖజానా తాళాలు చేతికిస్తాడు. ఒక ఉత్తరంలో ఆయనే చెప్పుకున్న పోలిక ఇది. క్రైస్తవులు కృప అనేది దీన్నే. అర్హత సంపాదించుకోవడం అనే మాటే లేదు అందులో.

నన్ను ఆపేసిన చోటు ఇంకొకటి ఉంది. వీడియోలో రెండు వాక్యాల్లో దాటేశాను, అన్యాయం. తప్పు జరిగినప్పుడు, లేదా దేవుడి ధ్యాస పూర్తిగా పోయినప్పుడు ఆయన ఏం చేసేవాడంటే, ఒప్పేసుకునేవాడు. నన్ను నా మానాన వదిలేస్తే ఇలాగే చేస్తాను, పడకుండా ఆపాల్సింది నువ్వే అని దేవుడికే చెప్పేవాడు. చెప్పి, దాని గురించి మళ్లీ బాధపడేవాడు కాదు. తిరిగి గిన్నె తీసుకునేవాడు.

ఎప్పుడూ తప్పని మనిషి అని కదా మనం అనుకుంటాం? కాదు. తప్పడానికీ తిరిగి రావడానికీ మధ్య దూరం తగ్గించుకున్న మనిషి. నాకు ఆ దూరం నాలుగు నెలలు. ఆయనకి ఒక వాక్యం.

మన వాళ్ల భాషలో చెప్పాలంటే, శ్రీవైష్ణవులు రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకుని వేలాడుతుంది, చెయ్యి వదిలితే పడుతుంది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లిపిల్లకి ఏ పట్టూ ఉండదు, తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. అది మార్జాల కిశోర న్యాయం. నా దీక్ష మొత్తం కోతిపిల్ల దీక్ష. 33వ రోజు చెయ్యి జారింది, ఇక అయిపోయిందనుకున్నాను. లారెన్స్ పొద్దున్నించి రాత్రిదాకా కోతిపిల్లలా ప్రయత్నించేవాడు, కానీ పడిపోయిన క్షణంలో మాత్రం పిల్లిపిల్ల. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకు ఒక క్రైస్తవ వంటవాడి దగ్గర అర్థమైంది. మన పెద్దలు చెప్పలేదని కాదు, నేను వినలేదు.

ఇది హాయిగా వచ్చేసిందని మాత్రం అనుకోకండి. నాలుగేళ్ల పాటు తనకి నరకం తప్పదని ఆయన గట్టిగా నమ్మాడు. ఎవరు చెప్పినా ఆ నమ్మకం పోలేదు. చివరికి స్వర్గమో నరకమో నా లెక్కలోది కాదు, బతికినన్నాళ్లూ దేవుడి మీద ప్రేమతో పనిచేయడం ఒక్కటే నా వంతు అని తేల్చుకున్నాడు. ఆ తర్వాతే మనసు తేలికపడింది. ఫలం వదిలేయడం గురించి మనం స్లైడ్లు వేసి చెబుతాం. తన మోక్షాన్నే ఫలంగా చూసి వదిలేసినవాడు ఆయన. ఈ పేరా నేను మూడుసార్లు చదువుకున్నాను.

మరి మనం ఏం చేయొచ్చు? ఆయన పద్ధతి చాలా సాదా. పుస్తకాల్లోని రకరకాల సాధనా పద్ధతులు తనని గందరగోళపెట్టాయని పక్కన పెట్టేశాడు. పని మొదలుపెట్టేముందు దేవుడితో ఒక మాట, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా ఒక మాట. పని అయ్యాక చూసుకోవడం: బాగా జరిగితే కృతజ్ఞత, లేకపోతే క్షమించమని అడిగి మళ్లీ మొదలు. నేను లాప్‌టాప్ తెరిచేటప్పుడూ, బిల్డ్ నడుస్తూ ఖాళీగా ఉన్నప్పుడూ రామ నామం అనుకుంటున్నాను. మీ ఇష్టదైవం పేరు మీది. రోజుకి ఎన్నిసార్లు గుర్తొస్తుంది అని అడగకండి. లెక్కపెట్టే యాప్ తీసేశాను.

నా ఫ్రెండ్‌కి పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఒకటి అడిగాను. ఇందులో క్రీస్తుని తీసేసి పద్ధతి మాత్రం వాడుకుంటే నీకు బాధగా ఉండదా అని. కాసేపు ఆలోచించి, "లారెన్స్‌కి అది పద్ధతి కాదు కదా, మనిషి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నేను హిందువుగానే ఉన్నాను, ఉంటాను. కానీ ఆ మాట వల్ల ఒకటి మారింది. ఇంతకుముందు నేను చాలీసా "పూర్తి చేసేవాడిని". ఇప్పుడు హనుమంతుడితో మాట్లాడుతున్నానా లేదా అని చూసుకుంటున్నాను. కొన్ని రోజులు లేదనే తేలుతుంది.

దీక్ష మళ్లీ మొదలుపెట్టాను. నిన్న రాత్రి మళ్లీ ఆన్‌కాల్, పొద్దున పారాయణ కుదరలేదు. పదకొండింటికి టిఫిన్ బాక్స్ కడుగుతూ ఆయనతో ఆ మాటే చెప్పి, సింకు దగ్గరే చాలీసా చదువుకున్నాను.

వచ్చే వారం జనాబాయి, తిరగలి. పాండురంగడు పక్కన కూర్చుని ఆమెతో పాటు పిండి విసిరిన కథ. చూడండి.