ఈ చేత్తో అన్నం కలుపుకోవచ్చా?

ఐసెలిన్‌లో మన ఆదివారం తరగతిలో ఒకసారి పిల్లలకు చిన్న ఆట పెట్టాము. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తోనే చొక్కా బొత్తాలు పెట్టుకోవాలి, బూట్ల తాళ్ళు కట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో అందరూ ఉన్న ఆ ఒక్క చెయ్యీ ఎత్తేశారు! "చెయ్యి లేనివారికి మీరైతే ఎలాంటి చెయ్యి తయారు చేస్తారు? బొమ్మ గీయండి" అన్నాము. లేజర్ కిరణాలు వదిలే చేతులు, స్పైడర్‌మ్యాన్ చేతులు వచ్చాయి. మనవరాలి కోసం వెనక కుర్చీలో కూర్చున్న ఒక అమ్మమ్మగారు బొమ్మలన్నీ చూసి, "బాగున్నాయి నాయనా! ఇంతకీ ఈ చేత్తో అన్నం కలుపుకోవచ్చా?" అని అడిగారు.

మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నుంచే ఈ పాఠం పుట్టింది.

మన నేలకు తగిన కాలు

పోయిన కాలు, చెయ్యి స్థానంలో పెట్టుకునేదాన్ని కృత్రిమ అవయవం అంటాము. ఒకప్పుడు విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదాలు బూటు వేసుకుని నడిచేవారికి సరిపోయేవి. మన రైతు చెప్పులు లేకుండా బురదలో దిగాలి, బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి. ఆ పాదం అందుకు వంగదు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రబ్బరు, చెక్క వాడి మన అలవాట్లకు సరిపోయే పాదం తయారు చేశారు. అదే జైపూర్ కాలు. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ గారు జైపూర్ కాలుతోనే మళ్ళీ భరతనాట్యం చేశారు. ఆ కథే తెలుగులో "మయూరి" సినిమా అయింది. అందులో ఆవిడే నటించారు. మీ అమ్మానాన్నలను అడగండి, తప్పకుండా గుర్తుంటుంది.

క్షిపణి నుంచి పిల్లల కాళ్ళకు

ఇలాంటిదే మన హైదరాబాదు కథ ఒకటి ఉంది. అగ్ని క్షిపణి కోసం తయారు చేసిన తేలికైన పదార్థాన్ని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) నుంచి వచ్చిన ఒక ఎముకల డాక్టరుగారు చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాం గారిని తమ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. (కాలిపర్ కృత్రిమ కాలు కాదు, బలహీనమైన కాలికి ఆసరా.) మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తనకు ఎంతో ఆనందం ఇచ్చిన పనుల్లో ఇదొకటని కలాం గారు తరచు చెప్పేవారు. పదార్థం ప్రయోగశాలలో ముందునుంచే ఉంది. అది దేనికి పనికొస్తుందో తెలిసింది మాత్రం పిల్లలు నడవడం కళ్ళారా చూశాకే.

ముందు కంప్యూటర్‌లో చెయ్యి

కాలి కన్నా చెయ్యి కష్టం. అది చేసే పనులు ఎక్కువ, ఒక్కొక్కరికి ఒక్కో పని ముఖ్యం. ఖరీదు పెట్టి చేయించుకున్న చెయ్యి పనికి అడ్డమైతే బీరువాలో పడి ఉంటుంది. అందుకే తయారు చేయకముందే వాడి చూసే మార్గం కావాలి. వర్చువల్ రియాలిటీ, అంటే కంప్యూటర్ సృష్టించే ప్రపంచం, ఇక్కడే పనికి వస్తుంది.

అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా 2006లో కొత్త కృత్రిమ చేతుల కోసం పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. సెగ్వే బండిని కనిపెట్టిన డీన్ కామెన్ గారి డెకా సంస్థ అందులో ఒక చెయ్యి తయారు చేసింది. స్టార్ వార్స్ కథలోని ల్యూక్ పేరే దానికి ముద్దుపేరు. దాన్ని నడిపే పద్ధతుల్లో ఒకటి వింతగా ఉంటుంది. బూటు మీది సెన్సర్ పాదం వంపును గ్రహిస్తుంది, పాదం ఎటు వంచితే దాన్నిబట్టి చెయ్యి కదులుతుంది. చేతులు కోల్పోయిన మాజీ సైనికులు ముందు కంప్యూటర్ తెర మీద బొమ్మ చేతిని ఇలా కదిలించి నేర్చుకున్నారు, ఆ తరువాతే అసలు చెయ్యి తొడుక్కున్నారు. వాడి చూసి వాళ్ళు చెప్పిన మాటలను బట్టి ఇంజనీర్లు తరువాతి నమూనాలో మణికట్టును మార్చారు, పాదం నుంచి వచ్చే తీగలను తీసేశారు. 2014లో ఆ చేతికి ఎఫ్.డి.ఏ. అనుమతి వచ్చింది.

ఇంకో పద్ధతిలో, మిగిలిన చేతి కండరం మీద సెన్సర్ పెడతారు. కండరం బిగిస్తే చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది, దానితో తెర మీది పిడికిలి మూసుకుంటుంది. ఏ కండరం సంకేతం స్పష్టంగా ఉందో, ఏ పట్టు సులువుగా వస్తోందో ముందే తెలుస్తుంది. "ఇది కాదు, నాకు టీ కప్పు పట్టుకోవడం కావాలి" అని అక్కడే చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో మార్పు కొన్ని నిమిషాల పని. అసలు చేతిలో అదే మార్పుకు చాలా రోజులు పట్టవచ్చు.

కంప్యూటర్ చెప్పలేనిది

బొమ్మ చేతికి బరువు ఉండదు. అది చర్మాన్ని ఒరుసుకోదు, చెమట పట్టదు. మిగిలిన చేతికి తొడిగే తొడుగును సాకెట్ అంటారు. అది సరిపోయిందో లేదో తొడుక్కున్నవారే చెప్పాలి. పిల్లలైతే పెరుగుతున్నకొద్దీ మళ్ళీ మళ్ళీ కొలతలు ఇవ్వాలి.

ఇక అమ్మమ్మగారికి మా జవాబు: ఎలక్ట్రిక్ చేతుల్లో చాలావాటికి తడి పడదు. వాటి వేళ్ళకు అన్నం వేడి తెలియదు. కాబట్టి ఇంకా పూర్తిగా కుదరలేదండీ! కానీ ఎవరూ అడగకపోతే ఎవరూ ప్రయత్నించరు కదా.

ఇంటిపని

చెయ్యి చేసే పనులకు మన భాషలో ఎన్ని మాటలో చూడండి: కలపడం, తుంచడం, పిండడం, అల్లడం, చిలకడం, ముడి వేయడం, గిల్లడం, నిమరడం. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఇంకో పది మాటలు రాసుకురండి. ఒక్కొక్క మాట ఎదురుగా, ఆ పనికి ఎన్ని వేళ్ళు కావాలో, వేళ్ళకు వేడి, మెత్తదనం తెలియాలో లేదో రాయండి. ఆ తరువాత మీ చేతి బొమ్మ మళ్ళీ గీయండి. ఈసారి ముందు అమ్మమ్మకో తాతయ్యకో చూపించి, వాళ్ళు ఏమంటారో విని తరగతికి తీసుకురండి.