పాత కారు శీతలయంత్రము: స్వల్పవ్యయముతో బాగుచేయు విధము

గౌతమీ గోదావరి సముద్రమును సమీపించుచోట మన యానాము కలదు. ఇచ్చట ఎండకంటె ఉక్కపోత యెక్కువ బాధించును. గాలి యంతయు నీటి ఆవిరితో నిండియున్నందున మేనికి పట్టిన చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. కావున కారులోని శీతలయంత్రము, అనగా జనులు వాడుకలో ఏసీ యనునది, అందఱికిని విలాసవస్తువు కాదు. జబ్బుపడిన వృద్ధుని మిట్టమధ్యాహ్నమున కాకినాడకు గొనిపోవు కుటుంబమునకు అది యవసరము. అద్దెకారు నడిపి బిడ్డలను చదివించుకొను తండ్రికి అది జీవనాధారము. చల్లదనము లేని బండిని వేసవిలో ఎవ్వరును పిలువరు. అయితే పాత కారు కొనినవారి చేతిలో ధనము తక్కువగా నుండును. తరగతిలో నేర్చు భౌతికశాస్త్రము ఆ కొద్ది ధనమును ఎట్లు కాపాడగలదో తెలుపుటయే మా యుద్దేశము.

విద్యార్థులారా, క్రొత్త మట్టికుండలోని నీరు ఏల చల్లబడునో మీరెఱుగుదురు. కుండ గోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు, తనకు కావలసిన వేడిని లోపలి నీటినుండి తీసికొనును. సూదిమందు వేయుటకు ముందు చేతికి రాచిన స్పిరిటు చల్లగా తోచుటకును ఇదియే కారణము. ద్రవము ఆవిరియగునప్పుడు వేడిని గ్రహించును; ఆవిరి మరల ద్రవమగునప్పుడు ఆ వేడిని విడుచును. ఏసీ యంతయు ఈ రెండు మాటలలోనే యున్నది.

కారు ముందుభాగమున ఇంజనుచే త్రిప్పబడు కంప్రెసరు గ్యాసును అదుమును. అదిమిన గ్యాసు మిక్కిలి వేడెక్కి, రేడియేటరుకు ముందున్న కండెన్సరు అను సన్నని గొట్టముల పలకలో ప్రవేశించి, తన వేడిని బయటి గాలికి విడిచి ద్రవమగును. పిమ్మట డ్రయరు అను చిన్న డబ్బాలో దానియందలి తేమ పీల్చబడును. తరువాత ఎక్స్‌పాన్షను వాల్వు అను ఇఱుకైన ద్వారము గుండ పోవునప్పుడు దాని యొత్తిడి హఠాత్తుగా తగ్గును. అప్పుడది డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో మరిగి ఆవిరియగుచు, లోపలి గాలినుండి వేడిని లాగుకొనును. ఆవిరి తిరిగి కంప్రెసరునకు చేరును. నేడు వాడుకలోనున్న పెక్కు పాత కార్లలోని గ్యాసు పేరు ఆర్ 134ఎ. సాధారణ వాయుపీడనమున అది సున్నకు క్రింద 26 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. చల్లని కాయిలుకు తగిలిన గాలిలోని తేమ నీరై కారు క్రింద చుక్కలుగా పడుచుండును. అది చెడిపోవుట కాదు, యంత్రము పనిచేయుచున్నదనుటకు గుర్తు. ఆ నీరు కాలివద్ద పడుచున్నచో నీరుపోవు గొట్టము పూడియున్నదని తెలియవలెను.

ఇచ్చట కుండకును ఏసీకిని గల భేదమును గమనింపుడు. కుండనీరు గాలిలో కలిసిపోవును గనుక ప్రతిదినము నింపవలెను. ఏసీలోని గ్యాసు మూసిన గొట్టములలో తిరుగును, పెట్రోలువలె ఖర్చుకాదు. రబ్బరు గొట్టములనుండి ఏండ్ల తరబడి అత్యల్పముగా ఊరుట సహజమే. కాని ఒక వేసవిలో నింపిన గ్యాసు మఱుసటి వేసవికి లేకపోయినచో ఎచ్చటనో చిల్లు ఉన్నదని నిశ్చయము. అట్టి కారుకు గ్యాసు మాత్రము నింపించుట చిల్లుకుండలో నీరు పోయుటయే. లెక్కకొఱకు ఒకసారి నింపుటకు రెండువేల రూపాయలనుకొందము. మూడు వేసవులలో ఆఱువేలు గాలిలో కలిసిపోవును. ఆ చిల్లు తఱచుగా అతుకువద్ద అరిగిన చిన్న రబ్బరు ఓ-రింగు మాత్రమే; దాని వెల మిక్కిలి స్వల్పము.

కావున మెకానిక్కు వద్దకు పోవుటకు ముందు ఇంటివద్దనే చూడదగినవి కొన్ని కలవు. మొదటిది, గాలి తక్కువగా వచ్చుచున్నదా, లేక గాలి బాగుగా వచ్చుచు చల్లదనము మాత్రము లేదా యని తెలిసికొనవలెను. గాలియే తక్కువైనచో గాలి వడపోయు ఫిల్టరు దుమ్ముతో మూసికొని యుండవచ్చును. దానిని దులిపిన లేక మార్చిన చాలును. రెండవది, కండెన్సరును చూడవలెను. దాని సన్నని రేకుల నడుమ పురుగులు, ధూళి, ఆకులు చేరినచో వేడి బయటకు పోజాలదు. ఇంజను చల్లారిన పిదప మంచినీటిని మెల్లగా పోసి కడుగవలెను. నీటి ధార వడిగా నున్నచో రేకులు వంగిపోవును. ఉప్పుగాలి తగులు మనవంటి యూళ్లలో అల్యూమినియము తినివేయబడును గనుక ఈ కడుగుట చిల్లులను కూడ కొంత ఆపును. మూడవది, ఏసీ వేసినప్పుడు కండెన్సరు ఫ్యాను తిరుగుచున్నదా, కంప్రెసరు క్లచ్చు టక్కుమని పట్టుకొనుచున్నదా యని చూడవలెను. లేనిచో ఫ్యూజు, రిలే, తీగలను ముందు పరీక్షింపవలెను. గ్యాసు మిక్కిలి తగ్గినచో యంత్రరక్షణకై కంప్రెసరు తనంతట తానే ఆగిపోవుననియు ఎఱుగవలెను. నాల్గవది, గొట్టముల అతుకులవద్ద జిడ్డుమరకలున్నవేమో చూడవలెను. గ్యాసుతోకూడ నూనె తిరుగును గనుక గ్యాసు పోవుచోట జిడ్డు నిలుచును. ఇంజను నడుచుచుండగా బెల్టువద్దకును ఫ్యానువద్దకును చేయి చాపరాదు. గొట్టముల మరలను ఎన్నడును స్వయముగా విప్పరాదు. ఎగసిన గ్యాసు కంటిని గడ్డకట్టించి పాడుచేయగలదు.

పనివాని గేజీలనుగూర్చియు కొంత తెలిసికొనుట మేలు. రెండు గేజీలును తక్కువ చూపినచో గ్యాసు తక్కువ. రెండును ఎక్కువ చూపినచో కండెన్సరు మూసికొనియున్నది, లేక ఫ్యాను తిరుగుటలేదు, లేక గ్యాసు మితిమీరినది. తక్కువ యొత్తిడి యుండవలసినచోట ఎక్కువయు, ఎక్కువ యుండవలసినచోట తక్కువయు నున్నచో కంప్రెసరు బలహీనమైనదని యనుమానింపవచ్చును. ఈ మూడింటిని ఎఱిగినవారికి కంప్రెసరు మార్చవలెనని ఎవరైన చెప్పినచో కారణమడుగు ధైర్యము కలుగును.

మరమ్మతునందు నాలుగు పనులు జరుగవలెను. నైట్రొజను వాయువును ఒత్తిడితో నింపి, సబ్బునురుగు రాచి చిల్లు కనుగొనుట మొదటిది. చెడిన ఓ-రింగులను, గొట్టములను తెఱచి యుంచినచో డ్రయరును మార్చుట రెండవది. పంపుతో లోపలి గాలిని అరగంటకు తక్కువ కాకుండ లాగివేయుట మూడవది. ఒత్తిడి తగ్గినప్పుడు నీరు మామూలు వేడికే మరిగి ఆవిరియై బయటకు పోవును. లోపల తేమ మిగిలినచో అది వాల్వువద్ద మంచై అడ్డుపడును, లోహమును తినివేయును. బానెట్టు క్రింద చీటీపై వ్రాసినంత గ్యాసునే తూచి నింపుట నాల్గవది. వీనిలో మూడవదానిని విడిచి సొమ్ము మిగిల్చెదననుకొనువాడు మఱుసటి యేడు రెట్టింపు చెల్లించును.

చౌకయని తోచి ప్రమాదము తెచ్చునవియు కలవు. వంటగ్యాసును ఏసీలో నింపుట అట్టిది. అది చల్లదనము నిచ్చును గాని, కారుచిన్న గదిలోనికి కారినచో ఒక్క నిప్పురవ్వ చాలును. చిల్లులు పూడ్చు జిగురుమందులు వాల్వునే పూడ్చవచ్చును. రెండు విధముల గ్యాసులను కలుపరాదు. పాత కంప్రెసరు లోపల నలిగి పొడియైనచో గొట్టములను శుభ్రపఱచకుండ వేఱొకదానిని బిగించినచో అదియు చెడును.

ఈ గ్యాసు చరిత్రమును కూడ తెలియవలెను. 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీయును ఆయన సహచరులును, మండని, విషము కాని శీతలవాయువులను కనుగొనిరి. 1939లో ప్యాకార్డు కంపెనీవారు ఏసీ గల కారును ప్రదర్శించిరి. ఆ కాలపు ఆర్ 12 అను గ్యాసు పైకెగసి, సూర్యుని హానికర కిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను చెఱచునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఆ పొర పలుచబడుట వెల్లడియయ్యెను. 1987లో మాంట్రియలు ఒడంబడిక కుదిరెను. భారతదేశము 1992లో అందు చేరెను. పిదప వచ్చిన ఆర్ 134ఎ ఓజోనుకు హాని చేయదు గాని భూమిని వేడెక్కించును. నూఱేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1430 రెట్లు తీవ్రమైనది. చిన్నకారులో 450 గ్రాములు పట్టుననుకొందము. 0.45ను 1430చే గుణించిన 643.5 కిలోగ్రాములు. ఒక లీటరు పెట్రోలు మండిన 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వచ్చును గనుక, ఆ గ్యాసంతయు పోవుట దాదాపు 280 లీటర్ల పెట్రోలు మండించుటతో సమానము. చిల్లు మూయక ఏటేట నింపించువాడు తన సంచినే కాక, రేపటి బిడ్డలు పీల్చు గాలిని కూడ ఖాళీచేయుచున్నాడు.

నీరు నిలువని తొట్టినిగూర్చిన ఉపమానము యిర్మీయా గ్రంథము రెండవ అధ్యాయమున కలదు. దాని యర్థము పెద్దది. అయినను మన చిన్నపనులకును అది వర్తించును. కారును నీడన నిలుపుడు. ఎక్కగానే కిటికీలు తెఱచి వేడిగాలిని పోనిండు. పిమ్మట లోపలి గాలియే తిరుగునట్లు మీట త్రిప్పుడు. చలికాలమునందును వారమునకొకసారి పది నిమిషములు ఏసీ నడిపినచో నూనె తిరిగి రబ్బరు సీళ్లు ఎండిపోవు. బండి నిలిపినప్పుడు పసిపిల్లలను అందు విడువకుడు. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటివారు ఏసీకి గ్యాసు నింపింప బయలుదేరినచో, వినయముతో ఒక్క ప్రశ్న వేయుడు: నిరుడు నింపినది ఎచ్చటికి పోయెను? ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను.