పరదేశోద్యోగమునకు యోగ్యతాపత్రము

కడప జిల్లానుండి కువైటు మొదలగు దేశములకు జీవనార్థమై పోయినవారు పెక్కండ్రు. వానలు తప్పిన యేడు మన కల్లూరు ప్రాంతమువారికిని ఆ యోచన కలుగుట సహజమే. కాని చేతిపని వచ్చుట వేరు. వచ్చునని పరదేశ ప్రభుత్వమునకు రుజువు చూపుట వేరు.

1983 సంవత్సరపు వలస చట్టము ననుసరించి, పదవ తరగతి నెగ్గనివాడు కువైటు, సౌదీ అరేబియా మున్నగు దేశములకు కూలిపనికి పోవలెనన్న వలస సంరక్షకాధికారి అనుమతిని పొందవలెను. నెగ్గినవానికి ఆ నిర్బంధము లేదు. తొమ్మిదవ తరగతిలో కుమారుని బడి మాన్పించు తండ్రులు దీనిని యోచింతురు గాక!

సౌదీవారు వెల్డరు, ఎలక్ట్రీషియను, ప్లంబరు మొదలగు పనివారిని భారతదేశముననే పరీక్షించి, నెగ్గినవారికే వీసా నిచ్చుచున్నారు.

జర్మనీవారి నియమము మరింత కఠినము. మనము నేర్చిన విద్య తమ దేశపు విద్యకు సమానమని తేలినగాని సాధారణముగా అంగీకరింపరు. 2024 మార్చి మొదలు వేరొక త్రోవ తెరచిరి. స్వదేశ ప్రభుత్వము గుర్తించిన రెండేండ్ల శిక్షణ, కడచిన యైదేండ్లలో రెండేండ్ల అనుభవము, వారు నిర్ణయించిన వేతనమునకు తగ్గని ఉద్యోగము గలవారు ఆ సమానతా నిర్ణయము లేకయే పోవచ్చును. మన ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణలు రెండేండ్లవి; వెల్డరు శిక్షణ ఏడాదిదే. వెల్డింగు తక్కువ పని యని నా భావము గాదు. ఆ పట్టా యొక్కటే ఈ త్రోవకు చాలదు.

మరియొక చిన్న విషయము. బడి పట్టీలోను పాస్‌పోర్టులోను పేరు, పుట్టిన తేది ఒక్కటిగా నుండవలెను. పరీక్షకు పేర్లు పంపక పూర్వమే పెద్దలు వచ్చి సరిచూచుకొనుట మేలు.