పాటల పెట్టెలో ముందు మార్చవలసింది ఏది?

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

ఇంట్లో పాటలు వినే సాధనాలు అమర్చుకున్నవారికి కొంతకాలానికి ఒక సందేహం వస్తుంది. చేతిలో కొద్దిగా డబ్బుంది, యిప్పుడు ఏది మార్చితే పాట బాగుపడుతుంది? దుకాణంవాణ్ణి అడిగితే వాట్లు పెంచమంటాడు. భౌతికశాస్త్రాన్ని అడిగితే వేరే జవాబు వస్తుంది.

మా యింటి సంగతే ఉదాహరణగా తీసుకుంటాను. ఫోను నుంచి 20 వాట్ల ఆంప్లిఫయరుకూ, అక్కణ్ణించి రెండు స్పీకరు పెట్టెలకూ పాట వెళుతుంది. వేరుశనగ అమ్మిన డబ్బులో మా నాయన ఆరువేలు దీనికని పక్కన పెట్టినాడు. మళ్లీ పంట వచ్చేదాకా యింకో రూపాయి రాదు. తమ్ముడు 100 వాట్ల ఆంప్లిఫయరు కావాలంటాడు. అవ్వ మాత్రం "పాట యినపడ్తాంది గానీ మాట తెలియడంలేదు నాయనా" అంటుంది.

ముందు తమ్ముడి కోరిక చూద్దాం. ధ్వని తీవ్రతను డెసిబెళ్లలో కొలుస్తాం. సామర్థ్యం రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లే. 20 నుంచి 100 వాట్లకు పోతే 7. చెవికి రెట్టింపుగా వినపడాలంటే సుమారు 10 కావాలి, అంటే 200 వాట్లు! అదే స్పీకరు సంగతి చూడండి. ఒక వాట్ యిచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఒక స్పీకరు 84, మరొకటి 90 డెసిబెళ్లు యివ్వవచ్చు. రెండోదానికి 20 వాట్లిస్తే మొదటిదానికి 80 వాట్లిచ్చినట్టే. కనుక ఆంప్లిఫయరు కంటే స్పీకరు ముందు.

అయితే అవ్వ ఫిర్యాదు చప్పుడు చాలక కాదు. మాట గోడలకు తగిలి తిరుగుతూ వుండగానే తర్వాతి మాట వచ్చి దానిమీద పడుతోంది. దీన్నే ప్రతినాదం అంటారు. ఆంప్లిఫయరు పెంచితే మాటా, ప్రతినాదమూ సమంగా పెరుగుతాయి.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరానికి యిదే జబ్బు. ఖాళీగా వున్నప్పుడు అక్కడ శబ్దం దాదాపు 5.5 సెకన్లు నిలిచేది. వాలెస్ సాబైన్ అనే యువ అధ్యాపకుడు దగ్గర్లోని సాండర్స్ థియేటరు నుంచి రాత్రిపూట ఆసనాల మెత్తలు తెప్పించి పరచి, ఆర్గన్ గొట్టంతో శబ్దం చేసి, ఆ శబ్దం ఎంతసేపట్లో అణగిపోతుందో కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ.

మా నడిమింటి కొలతలు 4.5 × 3.6 × 3 మీటర్లు. ఘనపరిమాణం 48.6 ఘనమీటర్లు, లోపలి తలాల వైశాల్యం 81 చదరపు మీటర్లు. సిమెంటు పూతకు శోషణ గుణకం 0.03 అనుకుంటే ఖాళీ గదిలో ప్రతినాద కాలం 3.2 సెకన్లు. గుణకం 0.6 వుండే మందపాటి బొంతలు 5 చదరపు మీటర్ల మేర గోడకు వేలాడదీస్తే 1.5 సెకన్లకు దిగుతుంది. ఖర్చు నాలుగు మేకులు!

అలాగే చేశాం. స్పీకర్లను మూలలనుంచి రెండడుగులు ముందుకు జరిపాం. మూలలో పెడితే అడుగు స్వరాలు మోతాదు మించి మోగుతాయి. ఇప్పుడు అవ్వకు మాటలు తెలుస్తున్నాయి. నాయన లెక్కంతా విని, "మోటారు పెద్దది బిగిస్తే సరా? కాలువకు గండి వుంటే మడికి నీళ్లు చేరతాయా?" అన్నాడు. ఆరువేలు యింకా బీరువాలోనే వున్నాయి. తమ్ముడు మాత్రం ఒప్పుకోలేదు. వాడికి చప్పుడే కావాలి!

కాబట్టి వరస యిది: ముందు గది, తర్వాత స్పీకరు, ఆపైన పాట వచ్చే మూలం, చివర ఆంప్లిఫయరు. ఆంప్లిఫయరు గొంతు పగిలినట్టు పలుకుతుంటే మాత్రం దాన్నే ముందు చూడాలి. ప్రయోగశాలలో మాదిరిగా ఒకసారికి ఒక్కటే మార్చి వినాలి. రెండు మార్చితే ఫలితం దేనివల్లనో తేలదు.

మన సమావేశ మందిరానికి కొత్త లౌడ్‌స్పీకర్లు కావాలని ప్రతి ఏడూ అడుగుతున్నాం. ఈసారి అర్జీ పెట్టేముందు యూనియన్ మిత్రులు ఖాళీ హాల్లో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి, అది ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూడవలసిందిగా కోరుతున్నాను.