మొదట తోలు, చివర రాయి

క్షవరం కత్తితో తన గడ్డం తనే గీసుకోవాలని మనసుపడే ఉద్యోగులున్నారు. తాత నాటి పొది విప్పి, ఆ కత్తి పట్టడం మళ్ళీ నేర్చుకోవాలనుకునే నాయీ బ్రాహ్మణ యువకులూ ఉన్నారు. ఇద్దరూ డబ్బు పెట్టేటప్పుడు ఒకే తప్పు చేస్తారు. మెరిసే కత్తి మీద, రకరకాల నూరుడు రాళ్ళ మీద ఉన్నదంతా పోసి, తోలు పట్టీ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అని సరిపెట్టుకుంటారు. నిజానికి ఒక మనిషి గడ్డానికి వాడే కత్తికి రాయితో పని పడేది ఏడాదికి రెండు మూడు సార్లే. గీసుకునే ముందు వాదర సరిచేసుకోవడానికి తోలుతో మాత్రం ప్రతిసారీ పని ఉంటుంది. అందుకే మొదటి రూపాయి తోలు మీద పెట్టండి.

కత్తి ఎవరి గడ్డానికి?

కొనేముందు తేల్చుకోవలసింది ఇదే. దుకాణంలో పదిమందికీ గీయడానికైతే అచ్చమైన క్షవరం కత్తి వద్దు. సగం బ్లేడు పెట్టే ఉస్తరాయే వాడండి. ఒక్కో మనిషికి ఒక్కో కొత్త బ్లేడు, అదీ ఆయన కళ్ళ ముందే మార్చాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనబడనంత నెత్తురు చాలు, అది ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి. ఉక్కు కత్తినైతే శుద్ధి చేయగలం. తోలును మరిగించలేం, మందు నీళ్ళలో నానబెట్టలేం. ఒకరి గడ్డం గీసిన కత్తిని పట్టీ మీద ఈడ్చి, అదే పట్టీ మీద ఇంకొకరి కత్తిని ఈడ్చితే రెండు కత్తులు వేరైనా లాభం లేదు. కురవి వీరభద్రస్వామి దగ్గరైనా, కాళేశ్వరంలోనైనా తలనీలాలు తీసే చేతికీ ఒక్కో తలకు ఒక్కో కొత్త బ్లేడు అనే ఇదే నియమం.

కాబట్టి తోలు, రాయి అనే ఈ సరంజామా ఒక్క మనిషి సొంత కత్తి కోసం. అయినా వృత్తిలో ఉన్నవాళ్ళు దీన్ని నేర్చుకోవాలనే నేనంటాను. చర్మం సాగదీయడం, వెంట్రుక వాలు చూడడం, కత్తిని ఏటవాలుగా ఆనించడం సొంత గడ్డం మీద నేర్చిన చేయి, ఉస్తరా పట్టినప్పుడు ఎదుటివాడి గొంతు దగ్గర తడబడదు.

తోలు పట్టీ ఎంపిక

దుకాణాల్లో స్ట్రాప్ అంటే ఇస్తారు. వేలాడదీసేది ఒక రకం, చెక్కకు అంటించినది ఇంకో రకం. వేలాడే పట్టీని వదులుగా పట్టుకుంటే అది నడుమ కుంగుతుంది, కత్తి వాదర గుండ్రబడుతుంది. పట్టీని బిగదీసి పట్టడం అలవాటయ్యేదాకా చెక్క పట్టీ మేలు. పొద్దున్నే షిఫ్టుకు పరుగెత్తే సింగరేణి కార్మికుడికి, గోడకు మేకు కొట్టుకునే వీలులేని అద్దె గదిలో ఉండేవాడికి కూడా అదే అనువు.

వేలాడేదే కావాలంటే వెడల్పు చూడండి. కత్తి వాదర సుమారు మూడు అంగుళాలు ఉంటుంది. పట్టీ కూడా మూడు అంగుళాలుంటే కత్తిని నేరుగా లాగితే సరిపోతుంది. రెండు అంగుళాల పట్టీ మీద లాగుతూనే కొంచెం ఐమూలగా జరపాలి, లేకపోతే వాదరలో కొంత భాగానికి తోలు తగలదు. పొడవు వాడుకోవడానికి వీలుగా పదహారు అంగుళాలకు తగ్గకూడదు. తోలు వెనక దళసరి నూలు గుడ్డ పట్టీ కూడా ఉన్నదైతే ఇంకా మంచిది.

తోలు నున్నగా, ఒకే మందంలో ఉండాలి. మడతలు, కుట్లు, అచ్చు వేసిన బొమ్మలు ఉండకూడదు. రంగు పూత వేసిన నడుము బెల్టు దీనికి పనికిరాదు. చెట్ల బెరళ్ళతో ఊనిన తోలు కావాలని అడగండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు ఉంది కదా, దాని బెరడు తోలు ఊనడానికి తరతరాలుగా వాడుతున్నదే. చెప్పులు కుట్టే పనివాడు తెలిసినవాడుంటే, అలాంటి ఆవు తోలో గేదె తోలో నిడుపాటి ముక్క ఒకటి కోయించి, నున్నటి చెక్కకు అంటించమంటే మొదటి పట్టీ తయారైపోతుంది.

మొదటి పట్టీ ఖరీదైనది వద్దు. కత్తి తిప్పడం చేతకాని రోజుల్లో తోలుకు గాట్లు పడక తప్పవు. చేయి కుదిరాక రెండోది మంచిది కొనుక్కోండి.

లాగే పద్ధతి

రాయి మీద వాదర ముందు నడుస్తుంది. తోలు మీద వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. తిరగేస్తే తోలు తెగుతుంది. వెన్ను, వాదర రెండూ తోలుకు ఆని ఉండాలి. చివరకు చేరాక వెన్ను తోలును వదలకుండా, కత్తిని వెన్ను మీదే పొర్లించి వెనక్కి లాగాలి. మణికట్టు తిప్పొద్దు, కత్తి తోకను వేళ్ళ మధ్య దొర్లించండి. కత్తి బరువు చాలు, చేతి బరువు వేయొద్దు. వేగం దానంతటదే వస్తుంది. తొందరపడ్డ రోజునే తోలుకు గాటు పడుతుంది.

క్షవరానికి ముందు గుడ్డ మీద ఇరవై, తోలు మీద నలభై నుంచి అరవై సార్లు లాగండి. పోనూ రానూ కలిపి ఒకటిగా లెక్క. సాధన సెలవు రోజున మొదలుపెట్టండి. మొదట్లో చెంపలు మాత్రం గీసుకుని, గడ్డం కింద, మూతి మీద మామూలు రేజరే వాడుకోండి.

పదును పేస్టు అమ్మేవాళ్ళుంటారు. ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ అందులో ఎక్కువగా వాడేది. అర మైక్రాన్ రేణువులున్నది చూసుకోండి. దాన్ని రోజువారీ తోలుకు పూయొద్దు. వేరే చెక్క ముక్కకో గుడ్డ పట్టీకో పూసి, కత్తి మందగించినప్పుడు పది సార్లు లాగితే చాలు. రాయి కొనే రోజు ఇంకొన్ని నెలలు వెనక్కి జరుగుతుంది.

రాయి ఎప్పుడు?

కొత్త కత్తిని నూరి సిద్ధం చేసి ఇమ్మని అమ్మేవాళ్ళను గట్టిగా అడగండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చాలా కత్తులు చూపుకు పదునే, చర్మం మీద గీరుతాయి. తాత కత్తి అయితే తుప్పు వాదరను తినేసిందేమో చూసి, నూరడం తెలిసిన చేతికి ఇవ్వండి.

వీధిలో చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్ళకు మాత్రం ఇవ్వొద్దు. కత్తిపీటకూ కొడవలికీ వాళ్ళ పని మంచిదే. క్షవరం కత్తి వాదర ఎంత పలచనంటే, చక్రం వేడికి ఉక్కు పదును నిలుపుకునే గుణాన్నే పోగొట్టుకుంటుంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే గరుకు కార్బోరండమ్ రాయి కూడా దీనికి కాదు.

తోలు, పేస్టు రెండూ చాలని రోజు వచ్చాక ఒకే రాయి కొనండి. ఒక వైపు 4000 గ్రిట్, ఇంకో వైపు 8000 గ్రిట్ ఉన్న జంట నీటిరాయి అప్పటికి సరిపోతుంది. వాదర కొత్తగా కట్టడానికి 1000, చివరి నునుపుకు 12000 కావాలి. అవి ఇతరుల కత్తులు కూడా నూరిపెట్టే పనిలోకి దిగేవాళ్ళకే. ఆ పని చేసేవాళ్ళు వచ్చిన ప్రతి కత్తినీ ముందూ వెనకా శుద్ధి చేయాలి, చివరి తోలు పని కత్తి యజమానికే వదిలేయాలి.

రాయి వాడేకొద్దీ నడుమ గుంటపడుతుంది. గుంట రాయి మీద తిన్నని వాదర రాదు. నునుపు చేసిన గ్రానైట్ ముక్కను రాళ్ళ దుకాణంలో అడిగి తెచ్చుకోండి. దాని మీద తడి గరుకు కాగితం పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, గళ్ళన్నీ పోయేదాకా రుద్దితే చదును అవుతుంది.

దుమ్ము, ఎండ, వాన

భూపాలపల్లి బొగ్గు గనుల దుమ్ము ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. తోలు మీద ఒక్క రేణువు వాలితే వాదరకు నొక్కు పడుతుంది. వాడేముందు పట్టీని శుభ్రమైన అరచేత్తో తుడవండి, వాడాక గుడ్డ సంచిలో పెట్టండి. ఎండలో వేలాడదీస్తే తోలు ఎండి పగులుతుంది. వానాకాలం కత్తిని పూర్తిగా ఆరబెట్టి, కుట్టు మిషను నూనె ఒక చుక్క రాసి దాచండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు.

డబ్బు సంగతి

వృత్తిలో ఉన్నవాళ్ళకు ఒక దారి ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వర్తించే 18 వృత్తుల్లో క్షౌర వృత్తి కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, 5 శాతం వడ్డీకి మొదటి విడతలో లక్ష రూపాయల దాకా అప్పు ఇందులో ఉన్నాయి. కుటుంబానికి ఒకరికే అవకాశం, 18 ఏళ్ళు నిండాలి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో. ఆ సాయంలో మొదటి వాటా ఉస్తరాలకు, బ్లేడ్లకు, శుద్ధి సామానుకు పోవాలి. తోలు, రాయి మీ సొంత ఖర్చులో నెమ్మదిగా చేరనివ్వండి.

ఊళ్ళో పాత కత్తి పట్టిన పెద్దాయన ఎవరైనా ఉంటే, కొనే ముందే ఆయన దగ్గర కూర్చోండి. చెక్కకు అంటించిన తోలు ముక్క పట్టుకెళ్ళి లాగి చూపించమనండి, ఆయన సమయానికి డబ్బిచ్చి నేర్చుకోండి. ఈ సరంజామా అంతటికీ పెట్టే డబ్బులో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఆ పాఠానికి పెట్టిందే.