ప్రత్తిచేలలో వేటనల్లి: ఛాయాచిత్రమునుబట్టి గుర్తించు విధము

అమరావతి పరిసరములందును, పల్నాటి సీమయందును ప్రత్తి, మిరప, కంది ముఖ్యమైన పైరులు. ప్రత్తిచేలలో ఎఱుపు నలుపు రంగులుగల నల్లులు రెండు తెగలవి కానవచ్చును. గింజలరసమును పీల్చి దూదికి మరకలు కలిగించు ఎఱ్ఱనల్లి యొకటి. శనగపచ్చపురుగును, పొగాకు లద్దెపురుగును పొడిచి రసము పీల్చి చంపు వేటనల్లి రెండవది. రంగునుమాత్రమే చూచి మందు చల్లిన రైతు కూలి యడుగని కావలివానిని పోగొట్టుకొనును.

ఈ రెంటికిని గల భేదములు:

1. తల: వేటనల్లి తల సన్నగా, పొడవుగా నుండి, కన్నుల వెనుక మెడవలె నొక్కబడియుండును. ఎఱ్ఱనల్లికి అట్టి మెడ లేదు. తల వెనుక తెల్లని పట్టె యుండును.

2. తొండము: వేటనల్లి తొండము పొట్టిగా, లావుగా, కొడవలివలె వంగి, మూడు కణుపులు కలిగి, దాని కొన ముందుకాళ్ల నడిమి గాడిలో నానియుండును. ఎఱ్ఱనల్లి తొండము సన్నగా, నాలుగు కణుపులతో, కడుపు క్రింద తిన్నగా నుండును.

3. మచ్చలు: ఎఱ్ఱనల్లి పైరెక్క యొక్కొక్కదానిపై ఒక నల్లచుక్కయు, కడుపు క్రింద తెల్లని అడ్డచారలును గలవు.

పైనుండి తీసిన చిత్రమున తొండము కానరాదు. కావున పైనుండి యొకటి, ప్రక్కనుండి యొకటి, అడుగునుండి యొకటి, మూడు చిత్రములు తీయవలెను. పురుగును చేతితో పట్టరాదు; వేటనల్లి కుట్టిన మిక్కిలి బాధ కలుగును. తేటయైన గాజుసీసాలోని కెక్కించి, సీసా అడుగునుండి చిత్రము తీసి, మరల చేనిలో విడువవలెను. పరిమాణము తెలియుటకు ప్రక్కన ఒక వడ్లగింజ నుంచవలెను. ఏ పైరుపై, ఏ దినమున కనబడినదో వ్రాసికొనవలెను.

ప్రపంచమున వేటనల్లులు సుమారు 7,000 జాతులు కలవు. మనదేశపు ప్రత్తి, కంది చేలలో రైనోకోరిస్ అను తెగవి తరచుగా నుండును. రెక్కలురాని పిల్లల చిత్రమునుబట్టి జాతిపేరు చెప్పుట కష్టము. అయినను మందు మానుటకు జాతిపేరు అక్కఱలేదు. మెడయు, వంగిన తొండమును చాలును. తొండము తిన్నగా నున్నంతమాత్రమున శత్రువని నిశ్చయింపరాదు. తిన్నని తొండముతో పురుగులను తిను నల్లులును కొన్ని కలవు. సందేహము కలిగినచో చిత్రములను వ్యవసాయాధికారికి గాని, గుంటూరు చెంత లాం పరిశోధనాక్షేత్రమువారికి గాని చూపి, పిమ్మటనే మందు సంగతి యోచింపవలెను.